మోచేతి మీది వరం

హాయిగా బతకడానికి మనిషికి ఏం కావాలి? ఆస్తా? హోదానా? పలుకుబడి ఉన్న బావమరిదా? అవేవీ అక్కర్లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. మోచేతుల మీద అరచేయంత ఎర్రటి మచ్చలు, వాటి మీద పొరలు పొరలుగా తెల్లటి పొలుసు ఉంటే చాలు. దాన్ని సోరియాసిస్ అంటారు. వరం అని పిలవాల్సినదానికి జబ్బు అని ఎవరు పేరు పెట్టారో గానీ, వాళ్ళకి బొత్తిగా లోకజ్ఞానం లేదు!

నవ్వకండి, నేను వేళాకోళానికి చెప్పడం లేదు. ఈ వరం మా వదినకి దక్కి ఆరేళ్ళవుతోంది. ఒకే ఇంట్లో ఉంటూ దాని లాభాలన్నీ కళ్ళారా చూసినవాణ్ణి గనక, ఈ విషయంలో నన్ను మించిన పండితుడు లేడని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేనెవరినీ అడగలేదనుకోండి.

మా వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. డాక్టరు రాసిన చీటీ పట్టుకుని వచ్చినవాళ్ళ ముఖానికి నప్పే ఫ్రేము చూపించి, అద్దాలు బిగించాక అది ముఖం మీద సరిగ్గా కూర్చునేలా చేయడం ఆమె పని. ఇదీ ఒక పనేనా అనుకునేరు! అద్దం ముందు నిలబడి చూసుకోండి. మీ రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. మీ ముక్కు మీరనుకున్నంత తిన్నగానూ ఉండదు. కళ్ళజోడు కాడని వేడిగాలి మీద పట్టుకుని, అది మెత్తబడ్డాక, మీ చెవి వెనక వేలు పెట్టి చూసుకుంటూ ఎంత వంచాలో అంతే వంచుతుంది. ఆ వేలే ఆమె కొలబద్ద.

"ఇక్కడ నొక్కుతోందాండీ? మరి ఇక్కడ?" అని అడుగుతూ ఉంటుంది. కొత్త జోడు పెట్టుకున్న పెద్దాయన ఎదురుగోడ మీది చిన్నక్షరాలు చదివేసి చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే ఆమె రోజూ బస్సెక్కుతుంది. జీతం కోసం కూడాననుకోండి, కానీ అది నెలకొక్కసారే వస్తుంది. ఆ కౌంటరు దగ్గర నిలబడడమంటే వదినకి ప్రాణం.

ఇక వరం సంగతి. చర్మం డాక్టరమ్మ మొదట్లోనే అంతా విడమరిచి చెప్పింది. మామూలు మనుషుల చర్మం కొత్త పొర తయారు చేసుకోవడానికి నెల రోజులు తీసుకుంటుందట. తీరిగ్గా, ఆఫీసులో ఫైలు కదిలినట్టు! మా వదిన చర్మం అదే పనిని నాలుగైదు రోజుల్లో చేసి పారేస్తుంది. ఒంట్లో కాపలా కాసే బలగం ఒకటుంటుంది కదా, అది శత్రువు లేకపోయినా ఉన్నాడని పొరబడి గంట కొడుతుందట. ఆ గంట విని చర్మం ఓవర్‌టైమ్ మొదలుపెడుతుందట. పాత పొర రాలకముందే కొత్తది తోసుకొచ్చేస్తుంది. ఇంత పనిమంతురాలైన చర్మం మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?

"ఇది ఎవరికీ అంటుకోదమ్మా. పూర్తిగా పోదు కూడా. బీపీ లాంటిదనుకో, అదుపులో పెట్టుకుని నిక్షేపంగా బతకొచ్చు" అని చెప్పింది డాక్టరమ్మ. మచ్చల మీద రాసుకోవడానికి ఒక పూతమందు రాసింది. స్నానం కాగానే ఒళ్ళు పూర్తిగా ఆరకముందే పట్టించుకోవడానికి ఒక క్రీమూ రాసింది. గోకొద్దంది, నిద్ర మానొద్దంది, దేనికీ కంగారు పడొద్దంది. మొదటి రెండూ వదిన ఎలాగో చూసుకోగలదు. మూడోది మాత్రం ఆమె చేతుల్లో లేదు, ఇరుగుపొరుగు చేతుల్లో ఉంది.

ఎందుకంటే, వరం ఒంటరిగా రాదు. కానుకలతో వస్తుంది!

బస్సే తీసుకోండి. పొద్దున పూట ఆ బస్సులో నిలబడడానికే చోటుండదు. మీలాంటివాళ్ళూ నాలాంటివాళ్ళూ ఒంటికాలి మీద వేలాడుతూ పోవాల్సిందే. మా వదిన కూర్చుని కడ్డీ పట్టుకోగానే చొక్కా చెయ్యి కాస్త పైకి జరుగుతుంది. పక్కనావిడ చూస్తుంది. తర్వాతి స్టాపు తనది కాకపోయినా లేచి నిలబడుతుంది. ఇద్దరి సీటు ఒక్కరికే! మంత్రులకైనా పక్క సీట్లో ఒక సెక్రటరీ ఉంటాడు.

ఇంట్లో సంగతి చూడండి. మా చెల్లెలికి, అంటే వదిన ఆడపడుచుకి, ఎవరి వస్తువైనా తన వస్తువే. నా పెన్నులు, అన్నయ్య చెప్పులు, అమ్మ శాలువా, ఏదీ వదలదు. అలాంటిది వదిన దువ్వెన జోలికి మాత్రం పోదు. వదిన తువ్వాలు తీగ మీద ఒక పక్కన ప్రశాంతంగా ఆరుతుంది. దానికి అటూ ఇటూ జానెడు జాగా వదిలి మిగతా బట్టలు ఆరేస్తారు. ఆ జానెడు జాగా వదిలేది మా అమ్మ. నోటితో ఒక్క మాటైనా అనదు, అంత మర్యాదస్తురాలు.

అన్నిటికంటే గొప్ప కానుక ఉచిత వైద్యం. డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఫీజు కట్టాలి, వరసలో కూర్చోవాలి. మిగతా లోకమంతా పైసా తీసుకోకుండా, మనం ఎక్కడుంటే అక్కడికే వచ్చి, అడక్కుండానే వైద్యం చేస్తుంది.

"ఒంట్లో వేడి చేసిందమ్మా, అంతే. చలవ చేసేవి తిను" అంది పైవాటా ఆవిడ.

"చలవ వల్లే వచ్చింది. చలవ చేసేవి పూర్తిగా మానెయ్" అన్నాడు కిందివాటాలో ఉండే రిటైర్డు క్లర్కు గారు. ఇద్దరూ ఒకే మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతారు. మా వదినకి ఎదురుపడినప్పుడు తప్ప ఎప్పుడూ విభేదించుకోలేదు.

వంకాయ మానమన్నారు ఒకరు. టమాటా మానమన్నారు ఇంకొకరు. పాలు విషమన్నారు, ఉప్పు అంతకంటే విషమన్నారు. సబ్బు ముట్టుకోవద్దని ఒకరంటే, రోజుకి మూడుసార్లు రుద్దుకోమని ఇంకొకరు. అందరి మాటా మన్నించి పథ్యం చేస్తే చివరికి తినడానికి మిగిలేది కాచి చల్లార్చిన నీళ్ళు! ఆ నీళ్ళైనా రాగి చెంబులోవి తాగాలా, మట్టికుండలోవా అన్నది ఇంకా తేలలేదు.

రక్తం చెడిపోయిందని తేల్చినవాళ్ళు ఎంతమందో! వాళ్ళలో ఒక్కరు కూడా రక్తపరీక్ష చేయలేదు. ఎదురింటి అరుగు మీద నుంచే చెప్పగలిగారు. ఇలాంటి ప్రతిభ మన వీధుల్లో వృథా అయిపోతోందని నాకు ఎంత బాధగా ఉందో!

మా అన్నయ్య ఒక్కడే ఏ సలహా ఇవ్వలేదు. పొద్దున్నే వదిన వీపు మీద ఆమెకి అందని చోట్ల క్రీము రాసి, చేతులు తుడుచుకుంటూ పేపరు చదువుకునేవాడు. వైద్యం తెలియని మనిషి, ఏం చేస్తాం.

ఇదంతా ఇలా హాయిగా సాగిపోతుండగా కౌంటరు దగ్గర ఒక ఘట్టం జరిగింది. చలికాలం మచ్చలకి మహా ఇష్టమైన కాలం. ఆ చలికాలం అవి మోచేతులతో తృప్తిపడక వదిన చేతి వేళ్ళ కణుపుల దాకా దిగాయి. ఒకరోజు ఒకావిడ కొత్త జోడు కోసం వచ్చింది. వదిన చెవి వెనక వేలు పెట్టబోయింది. ఆవిడ తల వెనక్కి లాగేసుకుంది.

"ఇంకెవరైనా లేరా?" అని యజమాని వైపు చూసింది.

"అంటుకోదండీ. చర్మం కాస్త పొడిబారుతుంది, అంతే" అంది వదిన.

"అంటుకుంటుందని నేననలేదుగా. ఇంకెవరైనా లేరా అన్నాను" అందావిడ.

యజమాని చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ తేలికగా రాసేవాణ్ణి. ఆయన మర్నాడు రబ్బరు తొడుగులు తెచ్చి, "నీ మంచికే అమ్మా" అని వదిన చేతిలో పెట్టాడు. వదిన తొడుక్కుంది. లోపల చెమట పట్టి, వేళ్ళు ఉడికిపోయి, దురద రెండింతలైంది. అంతకంటే కష్టమేమిటంటే, తొడుగు వేసిన వేలికి ఏమీ తెలియదు. కాడ ఎక్కడ ఒత్తుతోందో, ఎక్కడ వదులైందో ఆ రబ్బరు చెప్పదు. ఒకటికి నాలుగుసార్లు వంచి ఒక ఫ్రేము విరిచింది.

అప్పుడు యజమాని ఇంకో మంచి పని చేశాడు. ఆమెని లోపలి గదిలో అద్దాలు అరగదీసే యంత్రం దగ్గర కూర్చోబెట్టాడు. కిటికీ లేని గది. మనుషులుండరు. బయట కౌంటరు పని ఆయనే పైన వేసుకున్నాడు.

ఆయన పద్ధతి వేరు. ఎవరి కళ్ళజోడైనా ముందు తన తలకి పెట్టుకుని చూసుకుంటాడు. తనకి హాయిగా ఉంటే లోకానికి హాయిగా ఉన్నట్టే లెక్క. ఆయనది గుమ్మడికాయంత తల! ఆ లెక్కన, వదిన ఉందని ఆ దుకాణానికే వెళ్ళే మా వీధివాళ్ళలో సగం మంది కళ్ళజోళ్ళు ముక్కు కొసకి జారిపోవడం మొదలుపెట్టాయి. అందరూ గడ్డం పైకెత్తి, ముక్కు పైకెగరేసి నడుస్తున్నారు. మా వీధి మొత్తానికి ఎన్నడూ లేని దర్పం వచ్చింది. పోస్టుమ్యాను కూడా ఉత్తరం ఇస్తూ మనల్ని పై నుంచి కిందికి చూస్తున్నాడు. ఇది కూడా ఆ మోచేతి మచ్చల చలవే కదా!

లోపలి గదిలో వదిన మాత్రం యంత్రం ఆపినప్పుడల్లా బయటి మాటలు వినేది. "కొంచెం వదులుగా ఉందండీ." "అలవాటైపోతుంది లెండి." ఆ అలవాటైపోతుంది అన్న మాట వింటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది. రెండు నిమిషాల పని, తన వేళ్ళకి తెలిసిన పని, గోడకి అవతల పాడైపోతోంది.

ఇంటికొచ్చి ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు. నిద్రపట్టేది కాదు. నిద్ర లేకపోతే మచ్చలకి పండగే. మచ్చలు పెరిగితే కౌంటరు ఇంకా దూరం. కౌంటరు దూరమైందన్న దిగులుతో నిద్ర ఇంకా తక్కువ. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి, బయటి నుంచి ఎవరి సాయమూ అక్కర్లేకుండా అదే తిరుగుతూ ఉంటుంది!

అప్పుడు యజమానే ఒక పొడి పొట్లాల కట్ట తెచ్చాడు.

"మా తోడల్లుడు ఒకాయన దగ్గర్నుంచి తెప్పించాడమ్మా. తేనెలో కలిపి రోజూ నాకాలి. మిగతా మందులన్నీ ఆపెయ్యాలట, అవి దీనికి అడ్డుపడతాయట. తగ్గిపోయిందనుకో, మర్నాడే కౌంటరులో నిలబడు" అన్నాడు.

ఆ చివరి మాట లేకపోతే వదిన ఆ పొట్లం ముట్టుకునేది కాదు. ఆరేళ్ళుగా ఎన్ని పొట్లాలు వద్దందో నాకు తెలుసు. ఈసారి పూతమందు అలమరలో పెట్టేసి పొట్లం విప్పింది. అన్నయ్య అడ్డు చెప్పబోతే, "నాకు ఆ గదిలో ఊపిరాడట్లేదు. ఇదొక్కసారి నన్ను వాడి చూడనివ్వు" అంది. అన్నయ్య తేనె సీసా తెచ్చి ఇచ్చాడు.

పాఠకులారా, అద్భుతం జరిగింది! రెండు వారాలు తిరిగేసరికి వేళ్ళు నున్నగా అయ్యాయి. మోచేతులు చూస్తే ఎవరి మోచేతులో అన్నట్టున్నాయి. వదిన కౌంటరుకి వచ్చేసింది. ఇంట్లో అమ్మ తీగ మీద జానెడు జాగా మూసేసింది. చెల్లెలు దువ్వెన ఎత్తుకుపోయింది. వదిన దువ్వెన కోసం ఇల్లంతా వెతుకుతూ తిట్టుకుంది, కానీ ఆ తిట్లలో ఎంత సంతోషముందో!

తర్వాత పొట్లాలు అయిపోయాయి. యజమాని మళ్ళీ తెప్పించబోతే, పొట్లాలాయన గది ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడని తెలిసింది. వారం తిరక్కముందే వదినకి ఒళ్ళంతా భగ్గుమంది. అంతకుముందు మచ్చలు లేని చోట కూడా, మెడ మీద, వీపంతా, తొడల మీదా, ఎర్రగా కాలినట్టు లేచింది. చలితో వణుకు. దుప్పటి తగిలితే మంట. అన్నయ్య ఆమెని ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికి డాక్టరమ్మ చూసి వెంటనే బెడ్డు ఇప్పించింది.

"పూతమందు మానేశావా?" అని అడిగింది.

"మానెయ్యమన్నారండీ. తేనెలో కలుపుకోమని ఒక పొడి ఇచ్చారు."

"ఎవరు?"

ఎవరని చెబుతుంది పాపం? పేర్లు చదవడం మొదలుపెడితే ఓటర్ల జాబితా అంత అవుతుంది.

"ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని నా అనుమానం. పరీక్ష చేయిస్తే గానీ గట్టిగా చెప్పలేను. తగ్గిన వేగం చూస్తే మాత్రం అదే అనిపిస్తోంది. అలాంటిది ఉన్నట్టుండి ఆగిపోతే అణిగి ఉన్నదంతా ఒక్కసారి లేస్తుంది. ఇంకోసారి ఎవరేం ఇచ్చినా ముందు నాకు చూపించు. తిట్టను" అంది డాక్టరమ్మ. అప్పటికే సగం తిట్టేసింది లెండి.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. "పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతున్నాయా?"

వదిన చేతులు వెనక్కి లాక్కుంది. కొన్నాళ్ళుగా పొద్దున పూట వేళ్ళు ముడుచుకోవడానికి మొరాయిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే యంత్రం దగ్గరి పని కూడా పోతుందని భయం.

"ఇలాంటివి దాచకూడదమ్మా. ఇది కొందరికి కీళ్ళలోకి కూడా దిగుతుంది. తొందరగా చూసుకుంటే వేళ్ళు కాపాడుకోవచ్చు. ఆలస్యం చేస్తే వంకర్లు పోతాయి" అంది డాక్టరమ్మ.

వేళ్ళు అన్న మాట వినగానే వదిన తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ రోజు నుంచి ఆమె ఎవరి సలహాకీ చెవి ఒగ్గలేదు. మాత్రలు చెప్పినట్టు వేసుకుంది, వాటికోసం చేయించాల్సిన రక్తపరీక్షలు అరుగు మీద కాకుండా ల్యాబులోనే చేయించుకుంది. స్నానం కాగానే క్రీము. వేళకి పడక. మంట తగ్గాక వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో కాంతి చికిత్సకి వెళ్ళేది. నిలువెత్తు పెట్టె, లోపల చుట్టూ ట్యూబులైట్లు. కళ్ళకి నల్లటి జోడు పెట్టుకుని అందులో కాసేపు నిలబడాలి.

మొదటిరోజే వదినకి ఆ నల్లజోడు కాడలు నచ్చలేదు. నర్సుని బతిమాలి వేడినీళ్ళు తెప్పించుకుని, ముంచి, సరిచేసుకుంది. వరసలో ఉన్న ఇంకో ఆవిడ, "నాకూ చెవి దగ్గర ఒత్తుకుంటోంది, కాస్త చూడరూ" అంది. ఆ తర్వాత ఇంకొకాయన. అక్కడున్న వాళ్ళందరికీ అదే వరం. ఎవరూ తల వెనక్కి లాక్కోలేదు. వదిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలా కాలానికి కడుపునిండా తిని, పైవాటా ఆవిడ చెప్పే చలవ కబుర్లు కూడా నవ్వుతూ విని, హాయిగా పడుకుంది.

నెలలు పట్టింది. పొట్లమంత వేగంగా కాదు, మెల్లగా, మొండికేస్తూ, రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తూ తగ్గింది. వేళ్ళు బాగుపడ్డాయి, పొద్దున పూట హాయిగా ముడుచుకుంటున్నాయి. మోచేతుల మీద మాత్రం రూపాయి బిళ్ళంత మచ్చలు మిగిలాయి. "అవి ఉంటాయి, ఉండనీ" అంది డాక్టరమ్మ.

ఇక చూడాలి సంబరం! తన చలవ పథ్యం వల్లే తగ్గిందని పైవాటా ఆవిడ. చలవ మానబట్టే తగ్గిందని క్లర్కు గారు. వంకాయ వాళ్ళు వంకాయ మానడం గొప్పన్నారు. ఇంతమంది కలిసి నయం చేసిన రోగి చరిత్రలో ఇంకొకరు ఉండరు. డాక్టరమ్మ పేరు ఎవరి నోటా రాలేదు. యజమాని అయితే ఇంకో మెట్టు ఎక్కాడు.

"చూశావా అమ్మా, మా పొడి కాస్త ఆలస్యంగా పనిచేసింది" అన్నాడు.

ఆయన కౌంటరు ఇస్తానన్నాడు కదా. ఇచ్చాడు కూడా. కాకపోతే షరతు పెట్టాడు. ఎంత ఎండలో అయినా పొడుగు చేతుల చొక్కానే వేసుకోవాలి. మళ్ళీ వేళ్ళ మీదికి వస్తే ఆయన నోరు తెరిచి అడిగేదాకా ఆగకుండా తనంతట తానే లోపలికి వెళ్ళిపోవాలి. వదిన ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? చెమట పట్టి మోచేతులు జిలపెడుతున్నా, చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని నిలబడింది.

ఆ ఎండాకాలంలోనే ఒకరోజు ఒకతను, పేరుమోసిన కంట్రాక్టరు, ఫ్రేము చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు వెనక వరసలో ఉన్నారు. ఒక తల్లి కూతుర్ని తీసుకుని వచ్చింది. పాపకి తొమ్మిదేళ్ళుంటాయి, మొదటి కళ్ళజోడు. జుట్టు చెవుల మీదికి దట్టంగా దువ్వేసి ఉంది. అద్దాలు బిగించడం అయిపోయింది. వదిన జోడు పట్టుకుని పాప దగ్గరికి వంగబోతే తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇలా ఇచ్చెయ్యండి, అదే పెట్టుకుంటుంది. చెవుల వెనక ముట్టుకోనక్కర్లేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "దానికి కాస్త చర్మం బాగోదండీ. అంటుకునేది కాదు. డాక్టరు గారు రాసి కూడా ఇచ్చారు" అంటూ సంచిలో వెతకసాగింది.

వదిన ఆ మాట ఆరేళ్ళుగా తన నోటితో ఎన్నిసార్లు అందో! ఎదుటి మనిషి నోట సంజాయిషీగా వినడం అదే మొదటిసారి.

"ఆ కాగితం లోపలే ఉంచండమ్మా. చెవి చూడకుండా జోడు ఎలా కూర్చోబెడతాను?" అని పాప జుట్టు వెనక్కి తోసింది. రెండు చెవుల వెనకా అదే ఎరుపు, అదే తెల్లటి పొలుసు. జోడు పెట్టి చూస్తే కాడ సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటోంది. వదిన వేలు పెట్టి చూసింది.

"ఇక్కడ మంటగా ఉందా?"

"కొంచెం" అంది పాప, కదలకుండా.

వదిన జోడు తీసి, కాడని వేడిగాలి మీద పట్టుకుంది. వెనక నుంచి యజమాని వచ్చి చెవిలో చెప్పినట్టు, "అమ్మా, ఓసారి లోపలికి రా" అన్నాడు. ఆయన కళ్ళు కంట్రాక్టరు మీదున్నాయి, కంట్రాక్టరు కళ్ళు పాప చెవి మీదున్నాయి.

ఇప్పుడు లోపలికి వెళితే మళ్ళీ బయటికి రావడం ఉండదని వదినకి తెలుసు. వెళ్ళకపోతే ఉద్యోగమే ఉండకపోవచ్చనీ తెలుసు. ఆమె గుండీలు విప్పి, చొక్కా చేతులు రెండూ మోచేతుల పైకి మడిచింది.

"వస్తానండీ, ఈ పాప పని అయ్యాక. ఈ చొక్కా చేతులు అడ్డం పడుతున్నాయి" అంది.

పాప కళ్ళు మోచేతుల మీద పడ్డాయి. "మీక్కూడానా?" అంది.

"ఆఁ."

"నాకు మోకాలి మీద ఇంకా పెద్దది ఉంది."

"నాకు వీపంతా ఉండేది. నువ్వింకా చాలా చిన్నదానివి నా ముందు" అంది వదిన. పాప ఓడిపోయినందుకు కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

వదిన కాడని ఆ మచ్చకి తగలకుండా కొద్దిగా దూరంగా వంచి, మెత్తటి గొట్టం తొడిగి, రెండు చెవుల వెనకా మళ్ళీ వేళ్ళతో తడిమి చూసి, "అద్దం ఇటివ్వండి, పాప చూసుకుంటుంది" అంది. అద్దం యజమాని పక్కనే ఉంది. ఆయనకి ఏం చెయ్యాలో తోచక, అద్దం తీసుకుని పాప ముందు పట్టుకుని నిలబడ్డాడు. కంట్రాక్టరు లేచి వెళ్ళిపోయాడు. వెనక వరసలోని ఇద్దరూ కదల్లేదు. వాళ్ళ జోళ్ళు ముక్కు కొసన వేలాడుతున్నాయి, వాళ్ళ తొందర వాళ్ళది.

వదిన ఉద్యోగం పోలేదు. యజమాని రెండురోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు, తర్వాత గల్లా పెట్టె చూసుకుని మామూలు మనిషయ్యాడు. ఆమె ఇప్పుడు కౌంటరులోనే ఉంది, పొట్టి చేతుల చొక్కాతో. ఆమెని చూసి గుమ్మంలోంచి వెనక్కి మళ్ళబోయేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు. వాళ్ళకి యజమాని తన తలతో కొలిచి ఇస్తున్నాడు.

ఇన్ని లాభాలు చెప్పాక ఈ వరం గొప్పతనం మీరు ఒప్పుకునే ఉంటారు. ఒక్క విషయం దగ్గర మాత్రం నా పాండిత్యం చాలలేదు. ఆ రోజు పాప అద్దంలో చూసుకుని, తల అటూ ఇటూ తిప్పి, బాగుందంది. వెళ్ళబోతూ ఆగింది. వదిన చేతుల వంక చూసి, చాలా మామూలుగా, టైమెంతయింది అని అడిగినట్టు అడిగింది.

"నన్ను ముట్టుకున్నారుగా, ఇప్పుడు చేతులు కడుక్కుంటారా?"

తల్లి ముఖం పక్కకి తిప్పేసుకుంది. వదిన పాప ముందు కూర్చుని, "కడుక్కుంటాను. భోజనానికి వెళ్ళేముందు. నువ్వూ కడుక్కో" అంది. పాప సరేనని తలూపి, వదిన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిచింది.

ఆ తర్వాత నేను డాక్టరమ్మని పనిగట్టుకుని వెళ్ళి అడిగాను. ఈ జబ్బు లక్షణాల్లో దురద ఉందట, మంట ఉందట, పొలుసు ఉందట, కీళ్ళ నొప్పి ఉందట. ఆ పాప అడిగిన ప్రశ్న మాత్రం వాటిలో లేదట. తొమ్మిదేళ్ళ పిల్లకి అది ఎవరి దగ్గర్నుంచి అంటుకుందో, మీ మీ ఇళ్ళల్లో కాస్త కనుక్కుని నాకు చెప్పండి.